కొత్త బ్యాటరీ వేశాక ఇంకా మొరాయించిన రిమోట్ స్టార్ట్: ఇంజన్ తిరుగుతోందని యూనిట్‌కి ఎవరు చెప్పాలి?

రిమోట్ స్టార్టర్ (దూరం నుంచే బటన్ నొక్కి ఇంజన్ స్టార్ట్ చేసే యూనిట్) పెట్టేవాళ్ళలో చాలామంది టైమ్ అంతా ఇమ్మొబిలైజర్ బైపాస్ (తాళం లేకున్నా బండి దొంగతనం లాక్ అడ్డుపడకుండా చేసేది) మీద, ఇగ్నిషన్ వైర్ల మీద పెడతారు, ఇంజన్ సెన్సింగ్, అంటే ఇంజన్ తిరుగుతోందో లేదో యూనిట్ కనిపెట్టడం దగ్గరికొచ్చేసరికి "వోల్టేజ్ మోడ్‌లో పెట్టేద్దాంలే, ఒక వైరు తగ్గుద్ది" అని తేల్చేస్తారు. ఇంజన్ వస్తే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ మొదలై బ్యాటరీ వోల్టేజ్ పెరుగుద్ది, ఆ పెరుగుదల చూసి ఇంజన్ వచ్చిందనుకోవడమే వోల్టేజ్ మోడ్. కొన్ని బళ్ళలో అది ఏళ్ళ తరబడి బాగానే నడుస్తది కూడా, అందుకే అలవాటైపోయింది. ఈ కేసు రాయడానికి కారణం అదే, ఇందులో వోల్టేజ్ మోడ్ ఎందుకు ఫెయిలవుతుందో చాలా శుభ్రంగా కనబడింది, ఇంత శుభ్రంగా మామూలుగా దొరకదు. ఓనర్ వివరాలు, కారు మోడల్, యూనిట్ కంపెనీ ఏవీ రాయట్లేదు, వాటితో పని లేదు కూడా.

బండి సంగతి: 4 సిలిండర్ల పెట్రోల్, పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్ లోపల కాదు, గాలి వెళ్ళే దారిలో పెట్రోల్ చల్లే రకం), ఆటోమేటిక్, తాళం తిప్పి స్టార్ట్ చేసేది. పుష్ బటన్ కాదు, కాబట్టి సెల్ఫ్ (స్టార్టర్ మోటార్) ఎప్పుడు ఆపాలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) చూసుకోదు, తాళం తిప్పినవాడి చెవే చూసుకోవాలి. రిమోట్ స్టార్టర్ పెట్టాక ఆ చెవి పని యూనిట్ మీద పడుతుంది. యూనిట్ ఇంకోచోట పెట్టించారు, వైరింగ్ నీట్‌గానే ఉంది, బోనెట్ పిన్ (బోనెట్ తెరిస్తే రిమోట్ స్టార్ట్ ఆపే స్విచ్) ఉంది, బ్రేక్ వైరు సరిగ్గా ఉంది, ఆ పనిచేసినవాళ్ళని తప్పుపట్టేంత ఏమీ లేదు. సెన్సింగ్ మాత్రం వోల్టేజ్ మోడ్. యూనిట్ నుంచి వచ్చే ట్యాక్ వైరు (ఇంజన్ స్పీడు సిగ్నల్ తెచ్చేది, చాలా యూనిట్లలో ఊదా మీద తెలుపు గీత ఉండేది) డాష్ కింద చుట్టచుట్టి టేప్ వేసి పెట్టేశారు.

కంప్లైంట్ ఏంటంటే, రిమోట్ నొక్కితే బండి స్టార్ట్ అవుతుంది, కొన్ని సెకన్లు బాగానే నడుస్తుంది, తర్వాత దానంతట అదే ఆగిపోతుంది, మళ్ళీ సెల్ఫ్ కొడుతుంది, మళ్ళీ ఆగుద్ది, అలా మూడుసార్లు చేసి ఊరుకుంటుంది. తాళంతో అయితే ఒక్క దెబ్బకి స్టార్ట్, ఎప్పుడూ ఆగదు. మొదట్లో ఇది దూరం వెళ్ళొచ్చి ఆపిన కాసేపటికి మళ్ళీ రిమోట్ నొక్కితేనే వచ్చేదంట. బ్యాటరీ పాతది కాబట్టి అదేలే అనుకుని ఓనర్ కొత్త బ్యాటరీ వేయించాడు. అప్పట్నుంచి పొద్దున్నపూట కూడా రావడం మొదలైంది! మొదట పెట్టినవాళ్ళ దగ్గరికి వెళ్తే "ఇంజన్ సరిగ్గా అందుకోవట్లేదు" అని క్రాంక్ టైమ్ (సెల్ఫ్ కొట్టే టైమ్) పెంచి పంపారు, దాంతో ఆగిపోవడం అలానే ఉంది, పైగా స్టార్ట్ అయ్యేటప్పుడు గర్ర్‌మని ఒక సౌండు కొత్తగా చేరింది.

ఆ గర్ర్ సంగతి ముందు చెప్పేస్తా. వోల్టేజ్ మోడ్‌లో చాలా యూనిట్లు సెల్ఫ్‌ని ఇంత టైమ్ అని కొడతాయి, కొట్టాక చూసుకుంటాయి వచ్చిందా లేదా అని. ఇంజన్ అర సెకనులో అందుకున్నా యూనిట్‌కి తెలీదు, దాని టైమ్ అయ్యేదాకా సెల్ఫ్ పళ్ళు ఫ్లైవీల్ మీదే ఉంటాయి. టైమ్ పెంచితే ఆ సౌండు రావడం ఖాయం. సెల్ఫ్ మోటార్‌లో వన్‌వే క్లచ్ (ఇంజన్ వేగం మోటార్‌కి ఎక్కకుండా జారే భాగం) ఉంటుంది కాబట్టి వెంటనే ఏం విరగదు, కానీ రోజూ అలా తిప్పితే ఆ క్లచ్ ఎన్నాళ్ళో ఉండదు.

ఇప్పుడు అసలు పాయింట్. దూరం నుంచి వచ్చినప్పుడు ఫెయిల్, కొత్త బ్యాటరీకి ఇంకా ఫెయిల్. రెండిట్లోనూ కామన్ ఏంటి? బ్యాటరీ బాగా నిండి ఉండటం. బ్యాటరీ నీరసంగా ఉంటే వచ్చే ప్రాబ్లమ్ కాదిది, దానికి పూర్తి ఉల్టా. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే, కానీ దాన్ని కొలిచి చూడకుండా వైర్లు కోయడం నాకు ఇష్టం ఉండదు.

బోనెట్ ఎత్తగానే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాన్నుంచి సన్న వైర్లు వెళ్తూ కనపడ్డాయి. అది కరెంట్ సెన్సర్, బ్యాటరీలోకి ఎంత కరెంటు వస్తోందో, ఎంత పోతోందో కొలిచేది. అది కనబడితే ఆ బండిలో ఆల్టర్నేటర్‌ని దాని ఇష్టానికి వదలరు, ఎంత ఛార్జ్ చేయాలో ఈసీయూ చెబుతుంది అని చాలావరకు అనుకోవచ్చు. పాత బళ్ళలో లెక్క సింపుల్, ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 దగ్గర, స్టార్ట్ అయిన మరుక్షణం 13.8 నుంచి 14.4 మధ్యకి ఎగురుద్ది, ఒక వోల్టు పైన తేడా, గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. ఈసీయూ కంట్రోల్ చేసే బళ్ళలో బ్యాటరీ నిండుగా ఉంటే పెట్రోల్ ఆదా కోసం ఛార్జింగ్ తగ్గించేస్తారు, పైగా స్టార్ట్ అయిన మొదటి సెకన్లలో ఐడ్లింగ్ కుదురుకునేదాకా ఆల్టర్నేటర్ లోడు ఇంజన్ మీద వేయకుండా ఆపి పెడతారు.

మీటర్ పెట్టి చూశాం. కొత్త బ్యాటరీ ఇగ్నిషన్ ఆన్‌లో 12.5, రిమోట్‌తో స్టార్ట్ అయ్యాక మొదటి సెకన్లలో 12.8, 12.9, అంతే. 14 దాకా వెళ్ళడానికి ఇంకా టైమ్ పడుతోంది, ఈలోపే యూనిట్ తీర్పు ఇచ్చేస్తోంది. ఈ యూనిట్ అర వోల్టు దాకా పెరుగుదల చూస్తుంది, వస్తున్నది 0.3, 0.4. సో దాని లెక్కలో ఇంజన్ స్టార్ట్ కాలేదు, ఇగ్నిషన్ కట్ చేసి మళ్ళీ ట్రై చేస్తోంది. యూనిట్ తప్పు చేయట్లేదండీ, దానికి చెప్పిన పని అది సరిగ్గానే చేస్తోంది, తప్పల్లా ఇంజన్ సంగతి ఆల్టర్నేటర్‌ని అడగమని దానికి చెప్పడమే.

ఇది నిజమేనా అని రెండు రకాలుగా పరీక్షించాం. ఒకటి, హెడ్‌లైట్లు, వెనక అద్దం డీఫాగర్ వేసి రిమోట్ నొక్కాం, లోడు ఉంటే ఈ బండి ఈసీయూ ఛార్జింగ్ వెంటనే పెంచుతుంది, వోల్టేజ్ టక్కున 14 దాటింది, రిమోట్ స్టార్ట్ మొదటిసారికే నిలబడింది. రెండోది నాకు బాగా నచ్చిన టెస్టు, ఇంజన్ ఆపి హెడ్‌లైట్లు చాలాసేపు వదిలేసి కొత్త బ్యాటరీని కావాలని నీరసపెట్టాం, ఇగ్నిషన్ ఆన్‌లో 12.1కి వచ్చాక లైట్లు ఆర్పేసి రిమోట్ నొక్కాం. నిలబడింది! 12.1 నుంచి 12.8 అంటే 0.7 పెరిగినట్టు కదా, యూనిట్ ఖుషీ. అంటే ఈ బండిలో బ్యాటరీ ఎంత మంచిదైతే రిమోట్ స్టార్ట్ అంత చెడుతుంది. పాత బ్యాటరీ ఉన్నప్పుడు పొద్దున్న రిమోట్ స్టార్ట్ ఎందుకు నిలబడేదో, కొత్తది వేశాక ఎందుకు ఆగిపోతోందో అక్కడితో తెలిసిపోయింది.

నాతో పనిచేసే కుర్రాడు వెంటనే "అన్నా, అయితే యూనిట్‌తోనే హెడ్‌లైట్లు వేయిద్దాం, ఒక రిలే చాలు" అన్నాడు. తెలివైన ఆలోచనే, కానీ ఒప్పుకోలేదు. ఈరోజు ఈసీయూ లైట్లు చూసి ఛార్జింగ్ పెంచుతోంది, రేపు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఆ లెక్క మారిస్తే మళ్ళీ మన దగ్గరికే వస్తారు. పైగా అసలు ప్రశ్న అలానే ఉండిపోతుంది, మనకి కావాల్సింది ఇంజన్ తిరుగుతోందా అని, మనం అడుగుతున్నది ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తోందా అని.

తర్వాత యూనిట్‌లో వోల్టేజ్ సెన్సిటివిటీ పెంచి చూశాం, అంటే తక్కువ పెరుగుదలకే సరే అనుకునేలా. ఫోన్‌లో అడిగితే ఎవరైనా మొదట చెప్పే ఉపాయం ఇదే కాబట్టి ఎందుకు పనికిరాదో చూపించడం అవసరం. సెట్టింగ్ మార్చాక రిమోట్ స్టార్ట్ ప్రతిసారీ నిలబడింది, ఓనర్ అయితే అక్కడే తాళాలు తీసుకుని వెళ్ళిపోయేవాడు. అప్పుడు ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, పైపులో మిగిలిన పెట్రోల్ అయిపోయేదాకా తాళంతో తిప్పి, ఏసీ బ్లోయర్ ఫుల్‌లో పెట్టి రిమోట్ నొక్కాం. ఇంజన్ రాలేదు, రాదు కూడా. కానీ యూనిట్ స్టార్ట్ అయిందని పార్కింగ్ లైట్లు వెలిగించి కూర్చుంది. ఎందుకంటే సెల్ఫ్ కొట్టేముందు బ్లోయర్ లోడుతో వోల్టేజ్ కిందుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు యూనిట్ ఆ లైను కట్ చేసి తర్వాత కాస్త ఆలస్యంగా ఇస్తుంది, ఆ గ్యాప్‌లో లోడు లేక బ్యాటరీ కొంచెం పైకి లేచింది, ఆ కొంచెమే ఇప్పుడు చాలు కదా. ఇంజన్ తిరగకుండా ఇగ్నిషన్ ఆన్‌లో రన్‌టైమ్ అయ్యేదాకా అలా ఉంటే బ్యాటరీ ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గడప (వోల్టేజ్ ఎంత పెరిగితే సరే అనుకోవాలన్న హద్దు) ఎత్తుగా ఉంటే నడుస్తున్న ఇంజన్‌ని ఆపేస్తుంది, తగ్గిస్తే ఆగిన ఇంజన్‌ని నడుస్తోందంటుంది, మధ్యలో ఈ బండికి సరిపోయే నంబరే లేదు.

కాబట్టి వోల్టేజ్ వదిలేశాం. మిగిలిన దారులు ఏవి? పాత రోజుల్లో ఆయిల్ ప్రెషర్ స్విచ్, వాక్యూమ్ స్విచ్ వాడేవాళ్ళు, ఆయిల్ ప్రెషర్ చల్లటి ఇంజన్‌కి రావడం ఆలస్యం, సెల్ఫ్ ఆపడానికి అది పనికిరాదు. ఆల్టర్నేటర్ ఛార్జింగ్ లైటు వైరు ఈ బండిలో లేదు, అంతా ఒక డేటా వైరు మీద మాట్లాడుకుంటుంది. క్రాంక్ సెన్సర్ వైరు మీద ఎవరైనా ట్యాప్ చేద్దామంటే వద్దని గట్టిగా చెప్పండి, ఆ సిగ్నల్ మీద ఈసీయూ మొత్తం ఆధారపడి ఉంటుంది, దాన్ని కెలికితే తాళంతో కూడా బండి రాకపోవచ్చు. మిగిలినవి మూడు: డేటా ట్యాక్ (బండి డేటా వైర్ల నుంచి స్పీడు చదవడం), కాయిల్ (ప్లగ్గుకి స్పార్క్ ఇచ్చేది), ఇంజెక్టర్ (పెట్రోల్ చల్లేది).

డేటా ట్యాక్ ముందు చూశాం, ఎందుకంటే ఇప్పటి బళ్ళలో నా మొదటి ఓటు దానికే. ఇమ్మొబిలైజర్ బైపాస్ కోసం ఎలాగూ క్యాన్ లైన్ల (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్లు) మీద మాడ్యూల్ ఉంటుంది, అది ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ చుట్లు) కూడా చదివి యూనిట్‌కి ఇస్తుంది, బోనెట్ వైపు వైరు లాగక్కర్లేదు. ఈ మోడల్‌కి ట్యాక్ సపోర్ట్ ఉందని మాడ్యూల్ లిస్టులో ఉంది. వెచ్చటి ఇంజన్‌కి బ్రహ్మాండంగా పనిచేసింది. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్న చూస్తే మళ్ళీ ఆ గర్ర్, తక్కువే కానీ ఉంది.

చెవిని నమ్మకుండా సెల్ఫ్ కేబుల్‌కి కరెంట్ క్లాంప్ (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) వేసి స్కోప్‌లో (కరెంటు హెచ్చుతగ్గులని గీతగా చూపేది) చూశాం. ఇది చూడని వాళ్ళు ఒకసారి చూడాలి, సెల్ఫ్ మొదలవగానే కరెంటు నిటారుగా లేస్తుంది, తర్వాత ఒక్కో సిలిండర్ కంప్రెషన్‌కి ఒక్కో గుట్ట, ఇంజన్ అందుకోగానే గుట్టలు మాయమై గీత కిందకి జారి చదునవుతుంది. అక్కడే సెల్ఫ్ వదిలేయాలి. మన యూనిట్ ఆ చదును గీత మీద దాదాపు అర సెకను ఉండి అప్పుడు వదులుతోంది. మాడ్యూల్ తగులుకున్నది డోర్లు, లైట్ల వైపు ఉండే క్యాన్ లైను, ఇంజన్ వైపు లైను కాదు, ఆర్పీఎం గేట్‌వే (రెండు లైన్ల మధ్య మెసేజ్‌లు చేరవేసేది) దాటి అక్కడికి రావాలి, చల్లటి క్రాంకింగ్‌లో బ్యాటరీ బాగా పడిపోయినప్పుడు ఆ లైన్‌లో కాసేపు ఏ మెసేజూ కదలట్లేదు, వోల్టేజ్ లేచాక తిరిగి వస్తోంది. నడుస్తున్న ఇంజన్‌ని కనిపెట్టి ఉండటానికి ఆ ఆలస్యం అసలు లెక్కలోది కాదు. సెల్ఫ్ వదలడానికి మాత్రం అదే ముఖ్యం.

ఈ కేసులో నాకు బాగా తెలిసొచ్చింది ఇదే, సెన్సింగ్ అని ఒక పేరు పెట్టాం కానీ లోపల రెండు పనులున్నాయి. సెల్ఫ్ ఎప్పుడు వదలాలి, అది సెకనులో చిన్న ముక్కలో తేలాలి, అదీ బ్యాటరీ చచ్చిపోయినట్టు ఉన్న టైమ్‌లో. ఇంజన్ ఇంకా తిరుగుతోందా, దానికి తొందరేం లేదు కానీ అబద్ధం రాకూడదు. వోల్టేజ్ ఈ బండిలో రెండిట్లోనూ ఫెయిల్, డేటా ఒకదాంట్లో పాస్. రెండిట్లో పాసయ్యేది ఇంజన్ దగ్గరే దొరకాలి.

కాయిల్ దగ్గరికి వెళ్తే ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్, ఇగ్నైటర్ (కాయిల్ కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) కాయిల్ లోపలే ఉన్న రకం. ఇలాంటివాటికి ఈసీయూ నుంచి వచ్చేది 5 వోల్టుల చిన్న ట్రిగ్గర్ మాత్రమే, పాత రెండు వైర్ల కాయిల్‌లాగా కొన్ని వందల వోల్టుల ఎదురుదెబ్బ ఆ వైరు మీద దొరకదు. ఈ యూనిట్ ట్యాక్ ఇన్‌పుట్‌కి 12 వోల్టుల ఊపు కావాలి, 5ని అది గుర్తుపట్టదు, పట్టినా మనం తగిలించిన వైరు లోడుతో ట్రిగ్గర్ పలచబడితే మిస్‌ఫైర్ వస్తుంది. వైరు ముట్టుకోకుండానే వదిలేశాం.

ఇంజెక్టర్ పోర్ట్ రకం, రెండు వైర్లు. నాలుగు ఇంజెక్టర్లకీ ఒకే రంగులో ఉన్న వైరు 12 వోల్టుల సప్లై, దాని మీద ఏం దొరకదు. ఒక్కోదానికి ఒక్కో రంగు ఉన్న రెండో వైరు ఈసీయూ ఎర్త్‌కి లాగేది, మనకి కావాల్సింది అది. మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి ఆ వైరు మీద చూస్తే ఐడ్లింగ్‌లో కొంచెం వోల్టేజ్ కనబడాలి, ఎవరినైనా యాక్సిలేటర్ మెల్లగా తొక్కమంటే దాంతోపాటు పెరగాలి. పెరగకపోతే వైరు తప్పు. డైరెక్ట్ ఇంజెక్షన్, కామన్ రైల్ డీజిల్ బళ్ళలో మాత్రం ఈ పని చేయకండి, అక్కడ ఇంజెక్టర్ తెరవడానికి బ్యాటరీ కంటే చాలా ఎక్కువ వోల్టేజ్ పంపుతారు, డీజిల్‌కి డేటా, లేదంటే ఆల్టర్నేటర్ మీద డబ్ల్యూ టెర్మినల్ (ఇంజన్ స్పీడుకి తగ్గట్టు పల్సులు ఇచ్చేది) ఉంటే అది.

ఇంజెక్టర్ సిగ్నల్‌లో ఒక ఇబ్బంది ఉంది, పల్సులు చాలా తక్కువ. ఒక ఇంజెక్టర్ రెండు చుట్లకి ఒకసారి తెరుచుకుంటుంది. సెల్ఫ్ తిప్పేటప్పుడు 200 ఆర్పీఎం అనుకుంటే పల్సుకీ పల్సుకీ మధ్య 0.6 సెకను, 750 ఐడ్లింగ్‌లో 0.16. ఇంత అరుదుగా వచ్చే సిగ్నల్ మధ్యలో బయట నుంచి ఒక దొంగ పల్సు దూరితే యూనిట్‌కి స్పీడు ఒక్కసారిగా పెరిగినట్టు కనబడి ఇంజన్ రాకముందే సెల్ఫ్ వదిలేస్తుంది. అందుకే వైరు ఎటువైపు లాగాలి అన్నది ఇక్కడ అలంకారం కాదు, కాయిల్స్ పైనుంచి వెళ్ళే హార్నెస్‌తో కలపకుండా ఫైర్‌వాల్ గుండా వేరే రబ్బరు గ్రామెట్‌లోంచి తెచ్చాం, దారి కొంచెం చుట్టయింది, ఫర్లేదు. జాయింట్ టంకం పెట్టి టేప్, పైన స్లీవ్. గుచ్చి నొక్కే క్లిప్పులు ఇంజన్ వేడిలో, అదుర్లో ఉండవు, అక్కడ లూజైతే మన ట్యాక్ పోవడంతో ఆగదు, ఇంజెక్టర్ వైరే దెబ్బతింటుంది.

లెర్నింగ్ ఎప్పుడు చేయాలన్నది చాలామంది పట్టించుకోరు. యూనిట్ ఐడ్లింగ్ స్పీడు నేర్చుకుని, దానికీ సెల్ఫ్ స్పీడుకీ మధ్యలో ఒక గీత పెట్టుకుని, అది దాటగానే సెల్ఫ్ వదులుతుంది. చల్లటి ఇంజన్ 1300 దగ్గర నడుస్తున్నప్పుడు నేర్పిస్తే ఆ గీత కూడా పైకి జరుగుతుంది, తర్వాత వెచ్చటి ఇంజన్ 750కే కూర్చుంటే ఆ గీత దాటడానికి తడబడుతుంది, మళ్ళీ గర్ర్. కాబట్టి రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా వెయిట్ చేసి, ఏసీ ఆఫ్ చేసి అప్పుడు నేర్పించాం. సెట్టింగ్‌లో ట్యాక్ సోర్స్ ఆటోలో వదలకుండా వైరు అని ఫిక్స్ చేశాం, ఆటోలో ఉంటే ఈ యూనిట్ మొదట డేటా వైపే చూస్తుంది. బైపాస్ పని మాత్రం మాడ్యూల్‌దే, అది అలానే ఉంచాం.

క్రాంక్ టైమ్ పెంచిన సెట్టింగ్ పాతదానికి తెచ్చి చల్లటి ఇంజన్‌కి మళ్ళీ క్లాంప్ పెట్టి చూశాం, గుట్టలు ఆగిన వెంటనే, ఒకట్రెండు పల్సుల తేడాలో సెల్ఫ్ కట్. ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి చూశాం, పెట్రోల్ రాకపోయినా ఈసీయూ ఇంజెక్టర్లని కొడుతూనే ఉంటుంది కాబట్టి పల్సులు వస్తాయి, కానీ సెల్ఫ్ స్పీడులోనే, గీత దాటవు, యూనిట్ సరిగ్గా "రాలేదు" అని తేల్చి తన ప్రయత్నాలు అయ్యాక ఆగిపోయింది. ఫ్యూజు మళ్ళీ పెట్టి, రిమోట్‌తో నడుస్తున్నప్పుడు పీకాం, ఇంజన్ తుస్సుమన్న కాసేపటికే యూనిట్‌కి తెలిసింది. ఇంకో లాభం, ట్యాక్ ఉంటేనే ఓవర్‌రెవ్ కటాఫ్ పనిచేస్తుంది, లోపల ఎవరైనా పిల్లలు యాక్సిలేటర్ తొక్కితే ఇంజన్ ఆగిపోవాలి, వోల్టేజ్ మోడ్‌లో అది ఉన్నా లేనట్టే.

యూనిట్ ఎర్త్ వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీదే బిగించి ఉంది, దాన్ని తీసి బాడీకి మార్చాం. కరెంట్ సెన్సర్‌ని దాటేసి పోస్టు మీద ఎర్త్ వేస్తే ఆ కరెంటు ఈసీయూ లెక్కలోకి రాదు, ఛార్జింగ్ లెక్క తప్పుతుంది. మన కంప్లైంట్‌కి కారణం అది కాదు, కానీ చూశాక వదల్లేం.

ఆ తర్వాత బండి సర్వీసుకి వచ్చినప్పుడు అడిగితే రిమోట్ స్టార్ట్ సమస్య రాలేదన్నాడు ఓనర్. జాబ్ కార్డు మీద ఏ ఇంజెక్టర్‌కి ట్యాప్ చేశామో, వైరు రంగు, నేర్పించినప్పటి ఐడ్లింగ్ రాసి, కింద ఒక లైను పెట్టాం: థ్రాటిల్ బాడీ క్లీన్ చేసినా, ఐడ్లింగ్ మారే పని ఏది చేసినా ట్యాక్ మళ్ళీ నేర్పించాలి, ఇంజెక్టర్లు విప్పేవాళ్ళు ఈ వైరు ఉందని చూసుకోవాలి.